దొరకని పేర్లకు విస్తరి

శనివారం పొద్దున శైలేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చాయ్ చల్లారేలోపు సైదులు కాకా చెప్పిన పని కంప్యూటర్‌లో ముగించాలి, ఆ తరువాత ఫాక్‌లాండ్ రోడ్డుకు పోయి క్షవరం చేయించుకోవాలి, మధ్యాహ్నం ఫ్యాను కింద పడుకోవాలి. అంతే. అతడు ఆ ఇంట్లో బి.కాం. దాకా చదివిన మొదటివాడు. బొంబాయి గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక ఆఫీసులో రోజంతా ఎక్సెల్ ముందే కూర్చుంటాడు. అందువల్ల లింగయ్య చాల్‌లో మోటారు కాలినా, ఎవరికైనా ఆధార్ కార్డు రాకపోయినా అతడినే పిలుస్తారు. పిలిస్తే కాదనడం అతడికి రాదు.

మరునాడు పెత్రమాస. పాలమూరు నుంచి ఒకప్పుడు రాళ్ళు మోయడానికి వచ్చినవాళ్ళ మనవలు, మునిమనవలు ఒక్కో గదికొక కుటుంబంగా ఉండే చాల్ అది. పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్ళందరికీ నడుమ వాకిట్లో వరుసగా విస్తళ్ళు వేసి, కర్మలు చేయించే జంగమయ్య చేత ఒక్కొక్క పేరే పిలిపించి, అన్నం, మటన్ వడ్డించడం అక్కడి ఆనవాయితీ. దానికొక కట్టుబాటు ఉంది. విస్తరి ముందు జంగమయ్య పిలిచేదాకా, ఆ వారమంతా పోయినవాళ్ళ పేరు ఎవరూ నోట పలకకూడదు. పలికితే పిలవకముందే వస్తారు. వచ్చేసరికి అన్నం సిద్ధంగా లేకపోతే తిరిగి పోరు, ఏదో ఒక గదిలో ఉండిపోతారు. మూడో అంతస్తు చివరి గదికి ఇప్పటికీ ఎవరూ అద్దెకు రాకపోవడానికి కారణం అదేనని చాల్‌లో అందరికీ తెలుసు.

పేర్లు పలకకూడదు కనుక అడగడానికీ వీల్లేదు. ఇన్నాళ్ళూ చాల్ మండలి అధ్యక్షుడు సైదులు వాటిని మనసులోనే ఉంచుకొని, ఆ క్షణానికి జంగమయ్య చెవిలో వేసేవాడు. కిందటేడు ఆయన జ్ఞాపకం కొంచెం జారింది. జంగమయ్య "పెంటయ్యా, వచ్చి కూర్చో" అని పిలిచినప్పుడు, పెంటయ్య బకెట్ పట్టుకొని పప్పు వడ్డిస్తున్నాడు. పిలిచిన విస్తరి ఖాళీగా ఉండకూడదు కాబట్టి ఆయన్నే కూర్చోబెట్టి తినిపించారు. అప్పటి నుంచి పెంటయ్య అద్దంలో తన ముఖం చూసుకోకుండా గది దాటడం లేదు.

అందుకే ఈసారి పని శైలేష్ మీద పడింది. అతడు బాగానే ఆలోచించాడు. మండలిలో ఎప్పుడో టైపు చేయించిన పాత సభ్యుల పట్టిక ఉంది. మొన్న బిల్డింగ్ తిరిగి కట్టడానికని జరిగిన సర్వేలో, ఇంటింటా ఉన్నవాళ్ళను ఎదురుగా నిలబెట్టి రాసిన కొత్త పట్టిక ఉంది. మొదటి కాలమ్‌లో పాతవాళ్ళను, రెండో కాలమ్‌లో ఇప్పుడున్నవాళ్ళను పెట్టాడు. శివార్లలోని కళ్యాణ్‌కూ డోంబివలీకీ వెళ్ళిపోయిన కుటుంబాలను ముందే తీసేశాడు. తాతల పేర్లు మనవలకు పెట్టుకునే చాల్ కనుక, పేరుకు తండ్రి పేరు కలిపి జతచేశాడు. పేర్ల చివర కంటికి కనిపించకుండా నక్కి ఉండే ఖాళీలను కత్తిరించాడు. ఇక మూడో కాలమ్‌లో ఫార్ములా: మొదటి కాలమ్‌లోని పేరు రెండో కాలమ్‌లో ఎక్కడైనా ఉందేమో వెతుకు, అక్షరం తేడా లేకుండా ఉంటే 'ఉన్నారు' అని రాయి, దొరకకపోతే 'పెద్దలు' అని రాయి.

ఎంటర్ నొక్కి, సెల్ మూల పట్టుకొని కిందికి లాగాడు. మూడో కాలమ్ నిండిపోయింది. ఉన్నారు, ఉన్నారు, పెద్దలు, ఉన్నారు, పెద్దలు, పెద్దలు. బయట మబ్బు పట్టి గదిలో వెలుగు తగ్గింది. తెర వెలుతురులో ఆ మాటలు కిందికి దిగుతుంటే, ఎవరో మెట్లు ఎక్కి వస్తూ ఒక్కో గది తలుపు తడుతున్నట్టు అనిపించింది. పేర్లు ఒకసారి సరిచూద్దామని మౌస్ పైకి జరిపాడు. వెనక నిలబడిన సైదులు అతడి భుజం పట్టుకున్నాడు.

"చదువకు రా. నోటితోనే కాదు, కండ్లతోని చదివినా పిలిచినట్టే."

శైలేష్ విధేయుడు. పేర్ల కాలమ్‌ను దాచేశాడు. ఎక్సెల్‌లో ఒక కాలమ్‌ను కనిపించకుండా చేయడం తేలిక. అది పోదు, అక్కడే ఉంటుంది, కనపడదు.

ఇంకో పని మిగిలింది. అమావాస్యకు ముందురోజు పెద్దలకు ఆహ్వానం పంపాలి. ఇంతకు ముందు ఆకు మీద పసుపుతో చుక్క పెట్టి ప్రతి ఇంట్లో ఫోటో ముందు ఉంచేవాళ్ళు. ఈసారి ఇంటికొక వాట్సాప్ పంపితే, దాన్ని ఫోటో ముందు పెట్టుకుంటారని శైలేష్ సలహా ఇచ్చాడు. సైదులుకు నచ్చింది. మాటలు ఆయనే చెప్పాడు. పిల్లలెవరికీ తెలుగు చదవడం రాదు కనుక హిందీలో రాయించాడు: ఫలానా వారికి నమస్కారం, రేపు మధ్యాహ్నం కామాటిపుర నాలుగో గల్లీ లింగయ్య చాల్‌లో మీకోసం విస్తరి వేస్తున్నాం, తప్పకుండా వచ్చి భోజనం చేయండి. ఫలానా అన్నచోట దాచిన కాలమ్ నుంచి పేరు దానంతట అదే వచ్చి కూర్చునేలా శైలేష్ కుదిర్చాడు. సర్వేలో ఫోన్ నంబర్లు లేవు. పాత పట్టికలో దాదాపు ప్రతి పేరు పక్కనా ఒక నంబరు ఉంది. అది ఆ ఇంటి నంబరే అయి ఉంటుందనుకున్నాడు. ఆఫీసులో కస్టమర్లకు మెసేజ్‌లు పంపే యాప్‌తో అన్నింటినీ ఒకేసారి పంపించాడు.

అది ఇంటి నంబరు కాదు. ఆ పేరుగల మనిషి నంబరు.

మొదట తెలిసింది నీతకు. ఆమె అత్త కిష్టమ్మ పోయినా, ఆవిడ ఫోన్‌ను కొడుకు పారేయలేదు. రీచార్జ్ చేస్తూ, చార్జింగ్ పెడుతూ, దండ వేసిన ఫోటో పక్కన అలమరాలో ఉంచాడు. నైటీలో కూర్చొని తీరుబడిగా ఉల్లిపాయలు కోస్తున్న నీతకు అలమరా లోపల నుంచి గుర్రుమన్న చప్పుడు వినిపించింది. తలుపు తీసి చూస్తే ఫోన్ వణుకుతూ, జరుగుతూ పోయి ఫోటోకు ఆనుకుంది. తెర మీద కిష్టమ్మ పేరు, ఆ కింద రేపు భోజనానికి రమ్మన్న పిలుపు. నీత కేక వేయలేదు. లోపలికి పోయి, నైటీ తీసేసి, తొమ్మిది గజాల చీర కట్టుకొని, తల మీద కొంగు కప్పుకొని వచ్చి మళ్ళీ ఉల్లిపాయల ముందు కూర్చుంది. అత్త బతికున్నప్పుడు ఆమె చీర కట్టింది పెళ్ళిలో మాత్రమేనని చాల్ అంతా చెప్పుకునేది.

తరువాత జవాబులు రావడం మొదలైంది. శైలేష్ మంగలి కుర్చీలో మెడకు గుడ్డ కట్టించుకొని కూర్చున్నప్పుడు జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. పోచయ్య దగ్గర నుంచి.

"మటన్ హై క్యా?"

పోచయ్య రంగుల పని చేసేవాడు. రత్నాబాయి భర్త. ఎన్నో ఏళ్ళ కింద అతడిని పాడె మీద మోసుకెళ్ళినప్పుడు శైలేష్ కూడా వెనక నడిచాడు. అతడు సగం క్షవరంతోనే చాల్‌కు పరుగెత్తాడు. దారి పొడుగునా ఫోన్ మోగుతూనే ఉంది. ఒకరు వస్తున్నామన్నారు. ఒకరు బొటనవేలు చూపించారు. ఒకరు టైము అడిగారు. ఇద్దరు స్నేహితుణ్ణి తీసుకురావచ్చా అన్నారు.

వాకిట్లో అప్పటికే జనం మూగి ఉన్నారు. శైలేష్ గుక్క తిప్పుకొని, ఓపికగా వివరించాడు. చాలాకాలం వాడని నంబర్లను ఫోన్ కంపెనీ వెనక్కి తీసుకుంటుందని, వాటిని వేరేవాళ్ళకు అమ్ముతుందని, ఇవి ఎవరో తెలియని వాళ్ళ జవాబులని చెప్పాడు. అందరూ శ్రద్ధగా విన్నారు. ఎవరూ నమ్మలేదు. పోచయ్య జీవితాంతం ఏ పెళ్ళికి పిలిచినా మొదట అడిగింది మటన్ ఉందా అనేనని రత్నాబాయి గుర్తుచేసింది.

"కానీ రత్నవ్వా, ఇది హిందీల ఉంది" అన్నాడు శైలేష్ నీరసంగా. "తాతకు హిందీ రాకపాయె కద."

"అన్ని దినాలాయె పోయి. నేర్చుకోడా?"

పెంటయ్య తన పేరు మీద కూడా ఏమైనా వచ్చిందా అని మెల్లగా వాకబు చేశాడు. రాలేదని తెలిశాక కూడా మెట్ల కింద పంపు దగ్గర తొట్టిలోకి వంగి చూసుకొని వచ్చాడు. ఇంకొందరు శైలేష్‌ను పక్కకు పిలిచి, ఎలాగూ లైన్ కలిసింది కాబట్టి తమవాళ్ళను ఒక్క మాట అడిగిపెట్టమన్నారు. పెద్ద ఇత్తడి గిన్నె ఎవరికిచ్చి పోయారు, పక్కవాళ్ళతో మాటలు ఎందుకు మానేశారు, ఇంకా కోపంగానే ఉన్నారా. ఒక ముసలాయన ఏమీ అడగకుండా తన గది నంబరు మారిందని మాత్రం తెలియజేయమన్నాడు. భార్య పాత గదికి పోయి వెతుక్కుంటుందేమోనని ఆయన దిగులు.

సైదులు చేయెత్తి అందరినీ ఆపాడు. పిలుపు పోయింది, జవాబు వచ్చింది, ఇక దాపరికం లేదు, ఎవరెవరికి పోయిందో చదివితే అన్ని విస్తళ్ళు సిద్ధం చేద్దామన్నాడు. శైలేష్ లాప్‌టాప్ తెచ్చి, దాచిన కాలమ్‌ను బయటికి తీశాడు. చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకూ ఏదో ఒక మూల ఒక తల వంగుతోంది. అతడు సగం దాటాక ఒక పేరు చదివి ఆగిపోయాడు.

బాలనర్సయ్య.

వాకిట్లో చాట పట్టుకొని బియ్యం ఏరుతున్న తారాబాయి చెయ్యి ఆగింది. ఆమె శైలేష్‌కు మేనత్త. బాలనర్సయ్య ఆమె భర్త. సూరత్‌లో టైల్స్ పని ఉందని చెప్పి, ఒక సంచితో గ్రాంట్ రోడ్‌లో రైలెక్కి పోయినవాడు మళ్ళీ రాలేదు. శవం ఎవరూ చూడలేదు. ప్రతి పండక్కీ తారాబాయి అతడి నంబరుకు ఫోన్ చేస్తుంది. మోగుతుంది గానీ ఎత్తరు. అది మోగుతున్నంతకాలం అతడు ఉన్నాడనే ఆమె లెక్క. చేతినిండా ఆకుపచ్చ గాజులు, కాలికి మెట్టెలు, నుదుట బొట్టు ఆ లెక్క మీదే నిలిచి ఉన్నాయి. ఏటా విస్తళ్ళ వేళకు అందరూ ఆమె వైపు చూసేవారు, ఆమె ఎవరి వైపూ చూసేది కాదు.

"తారా" అన్నాడు సైదులు, నేల చూస్తూ. "పిలుపు పోయిన మనిషికి ఇస్తారి ఎయ్యకుంటె ఇండ్లల్ల తిరుగుతడు. నలుగురి పిల్లలున్న చాల్ ఇది."

"నా మొగుడు బతికున్నడు, అన్నా."

విస్తరి వేసి పేరు పిలిస్తే ఆమె గాజులు, మెట్టెలు అక్కడే తీసిపెట్టాలి. అది సైదులు పెట్టిన నియమం కాదు. అయినా చెప్పింది ఆయన కనుక ఆ రోజంతా ఎవరికీ ముఖం చూపించలేదు.

సాయంత్రం శైలేష్ అత్త గది గడప దగ్గర నిలబడ్డాడు. సగం కత్తిరించిన జుట్టుతో అతడి తల ఒకవైపు బరువుగా ఉంది. ఆమె పొయ్యి ముందు కూర్చొని రొట్టె తడుతోంది. గాజులు రొట్టె తట్టినప్పుడల్లా మోగుతున్నాయి. చాల్ అంతా ఆ చప్పుడు వింటోందని అతడికి అనిపించింది.

"నీ మిషిన్ ఏమంటది రా, మీ మామ గురించి?"

"రెండో కాలమ్‌ల దొరకలేదంటది, అత్తా. అంతే. అది ఇంకేం అనది."

"మరి పెద్దలు అని ఎవరు రాసిండ్రు?"

"నేనే. దొరకకపోతె అట్ల రాయమని నేనే చెప్పిన."

ఆమె రొట్టె తిప్పేసింది. "దొరకనోడు పోయినోడయితడా రా? అట్లయితె ఈ బొంబాయిల సగం మంది పోయినట్టే."

శైలేష్‌కు తోచింది ఒకటే. అక్కడే నిలబడి మామ నంబరుకు, ఈసారి యాప్‌తో కాకుండా తన వేళ్ళతో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశాడు: మామా, నేను శైలేష్‌ను, రేపు మధ్యాహ్నం మీకు ఇస్తారి వేస్తున్నారు, మీరు ఉంటే ఒక్క మాట చెప్పండి. ఫోన్ తెర అత్తకు చూపించాడు. ఒక టిక్కు పడింది. కొంచెం సేపటికి రెండోది పడింది. నీలం కాలేదు. ఇద్దరూ ఆ బూడిదరంగు టిక్కులను చూస్తూ కూర్చున్నారు. రొట్టె మాడిన వాసన వచ్చేదాకా ఎవరూ కదల్లేదు.

ఆదివారం మధ్యాహ్నానికి సన్నని వాన పట్టింది. వాకిలి మీద వాన పడకుండా నీలం తాడిపత్రి పట్టా కట్టారు. దాని కింద వెలుగు నీలంగా, నీళ్ళలో మునిగినట్టు ఉంది. విస్తళ్ళు వరుసగా పరిచారు. జంగమయ్య గంట మోగించాడు. గల్లీ చివర నుంచి వాళ్ళు రావడం కనిపించింది.

ఒక్కొక్కరే వచ్చారు. తడిసిన బట్టలతో, తలలు వంచుకొని, గేటు దగ్గర చెప్పులు విడిచి, ఎవరినీ ఏమీ అడగకుండా వచ్చారు. ఒక టాక్సీ డ్రైవరు. సిమెంటు దుమ్ము ఇంకా కనుబొమ్మల మీద ఉన్న ఇద్దరు కూలీలు. వాచ్‌మన్ దుస్తుల్లో ఒకాయన. ఆదివారం మెస్సు మూసి ఉండే మనుషులు వాళ్ళు. ఫోన్‌లో ఎవరి పేరుకో వచ్చిన భోజనపు పిలుపును తప్పు నంబరు అని వదులుకోని మనుషులు. అది శైలేష్‌కు తెలుసు. తెలిసినా అతడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎందుకంటే జంగమయ్య పేరు పిలిచినప్పుడల్లా వాళ్ళలో ఒకరు ఫోన్ చూసుకొని, చెయ్యెత్తి, ఆ విస్తరి ముందు కూర్చుంటున్నారు. "కిష్టమ్మా" అన్నప్పుడు ఎవరూ ముందుకు రాలేదు. నీత కొంగు ఇంకాస్త ముందుకు లాక్కొని, ఆ విస్తరికి ఎదురుగా చేతులు కట్టుకొని నిలబడింది.

పోచయ్య విస్తరి ముందు టాక్సీ డ్రైవరు కూర్చున్నాడు. రత్నాబాయి మటన్ గిన్నె తానే పట్టుకొచ్చింది. వడ్డించి, పక్కన కూలబడి, ఇన్ని దినాలు ఎక్కడికి పోయావని, చెప్పులు లేకుండా ఎలా నడిచావని తిట్టడం మొదలుపెట్టింది. అతడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తల ఊపుతూ తిన్నాడు. "ఔర్ థోడా, మాజీ" అని ఇంకొంచెం వేయమన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకొని, ఉన్న ముక్కలన్నీ అతడికే వేసింది.

శైలేష్ తాతకు ఫోనే ఉండేది కాదు. పట్టికలో ఆయన పక్క గడి ఖాళీ. అయినా ఆ పేరు పిలిచాక అక్కడ ఒక ముసలివాడు కూర్చొని ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. శైలేష్ దగ్గరికి పోయి, మీకెవరు చెప్పారు అని అడుగుదామనుకున్నాడు. ముసలివాడు తలెత్తి అతడి సగం క్షవరాన్ని చూసి చిన్నగా నవ్వాడు. శైలేష్ ఏమీ అడగకుండా నీళ్ళు పోసి వచ్చేశాడు.

చివరికి ఒక్క విస్తరి మిగిలింది. దాని ముందు ఎవరూ లేరు. తారాబాయి స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొని వచ్చి దాని పక్కన నిలబడింది. సైదులు కళ్ళతోనే ఆమెను క్షమించమన్నాడు. ఆమె ఎడమచేతి గాజుల మీద కుడిచెయ్యి వేసి, అలాగే పట్టుకొని ఉంది. జంగమయ్య గంట ఎత్తాడు.

శైలేష్ చేతిలో ఫోన్ వణికింది.

అతడు చూశాడు. టిక్కులు నీలంగా మారాయి. కింద జవాబు. అతడు దాన్ని ఒకసారి, ఇంకోసారి చదివాడు. ముఖం ఎర్రబడింది.

"అయ్యగారూ, ఆగండి" అన్నాడు.

వాకిట్లో నమిలే చప్పుడు కూడా ఆగింది. తారాబాయి గాజుల మీద చెయ్యి తీయకుండానే అడిగింది. "మీ మామనా?"

"ఔ అత్తా."

"ఏమంటుండు? చదువు."

శైలేష్‌కు అబద్ధం చెప్పడం రాదు. పెద్దవాళ్ళు చదవమంటే చదవకుండా ఉండడమూ రాదు. "ఇస్తారి వద్దు, బతికే ఉన్న, ఈడ సంసారం మంచిగ నడుస్తుంది" అని చదివి, ఒక్క క్షణం ఆగి, మిగిలింది కూడా చదివాడు. "మీ అత్తకు మాత్రం చెప్పకు."

ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. పోయినవాడికి ఏడ్వడం చాల్‌కు తెలుసు. బతికినవాడికి ఎలా ఏడ్వాలో తెలియదు. తారాబాయి చాలాసేపు ఖాళీ విస్తరి వైపు చూసింది. తరువాత గాజుల మీద చెయ్యి తీసేసి, చీర కుచ్చిళ్ళు సర్దుకొని, బాసింపట్టు వేసుకొని ఆ విస్తరి ముందు కూర్చుంది.

"పిలువు అన్నా" అంది సైదులుతో. "ఆని పేరు పిలిపియ్యి."

"బతికుండు కద తారా."

"ఆడ బతికిండు. ఈడ కాదు. పిలిపియ్యి, అన్నం సల్లారుతుంది." జంగమయ్య ఆమె చేతుల వైపు చూడడం గమనించి ఇంకో మాట కలిపింది. "గాజులు మాత్రం తియ్య. గివి నేను కొనుక్కున్నయి."

జంగమయ్య సైదులు వైపు చూశాడు. సైదులు తల ఊపాడు. గంట మోగింది. బాలనర్సయ్యా, వచ్చి కూర్చో అని జంగమయ్య గొంతెత్తి పిలిచాడు. తారాబాయి చెయ్యి కడుక్కొని మొదటి ముద్ద కలిపింది. పక్క విస్తరిలోని టాక్సీ డ్రైవరు తన ముక్కల్లోంచి రెండు తీసి ఆమె ఆకులో వేశాడు.

ఆ ఏడు లింగయ్య చాల్ పెద్దలను పిలిస్తే, రానన్నది బతికున్నవాడు ఒక్కడే.